క్యాష్ లేదమ్మా!

మాదాపూర్‌లో ఒక కాఫీ దుకాణం అద్దాల తలుపు మీద తెలుగు బోర్డు చూశాను. "నగదు స్వీకరించబడదు. దయచేసి సహకరించగలరు." మొదటి వాక్యంలో కర్త ఎవరో పట్టుకున్నవారికి నా ఖర్చుతో ఒక ఫిల్టర్ కాఫీ. స్వీకరించనిది ఓనరా? కౌంటర్లో కుర్రాడా? ఎక్కడో బెంగుళూరులో కూర్చున్న మేనేజరా? ఎవరూ కాదు. సముద్రం గట్టు దాటదు, సూర్యుడు పడమర పొడవడు అన్నంత ధీమాగా, నగదు స్వీకరించబడదు.

ఈ "బడు" తెలుగువాడు ఇంట్లో వాడే మాట కాదు. "అన్నం తినబడింది" అని ఏ మొగుడూ పెళ్ళాంతో అనడు. అది బతికున్నది రెండే చోట్ల. ఒకటి సర్కారు నోటీసులో, రెండు చేసిన పని తన మీదికి రాకూడదనుకునేవాడి నోట్లో. ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం చూసి "నీ డబ్బు నాకొద్దు" అనాలంటే కాస్త గుండె కావాలి. "స్వీకరించబడదు" అనడానికి స్టిక్కరు చాలు.

నిజం ఒప్పుకుంటాను. ఆ రోజు నాకు కోపమేం రాలేదు. ఫోను తీశాను, స్కాన్ చేశాను, కౌంటరు మీది పెట్టెలోంచి ఒక ఆడగొంతు నేనిచ్చిన మొత్తాన్ని దుకాణమంతటికీ దండోరా వేసింది, కాఫీ తాగాను, వచ్చేశాను. నా పర్సులో ఉండేవి రెండు ఆధార్ జిరాక్సులు, ఒక వెంకటేశ్వరస్వామి ఫొటో, ఏ కాలందో ఒక ఇరవై నోటు. నాలాంటివాడికి ఆ బోర్డు కనపడుతుంది గాని తగలదు. అది తగలాలంటే మా మేనత్త ఊరినుంచి దిగాలి. దిగింది.

మా అత్తకు డెబ్భై నాలుగు. బాపట్ల పక్క పల్లె. నెల ఒకటో తారీఖున గ్రామ సచివాలయం అబ్బాయి గుమ్మంలోకి వచ్చి, వేలిముద్ర వేయించుకుని, పింఛను నాలుగు వేలు చేతిలో పెట్టి వెళ్తాడు. ఎనిమిది అయిదొందల నోట్లు. వాటిని బొడ్డు సంచీలో పెట్టుకుని, శుక్లాలు చూపించుకోవడానికి 2025 ఏప్రిల్ రెండో వారంలో హైదరాబాదు వచ్చింది. పన్నెండో తారీఖు, శనివారం, పొద్దున్నే ఒక కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పేరెందుకులెండి, అన్నీ అంతే. కళ్ళలో చుక్కలు వేసి గంట కూర్చోబెట్టారు, మళ్ళీ వేసి మరో గంట. పదకొండున్నరకి "కాస్త ఏమన్నా తిని రండి" అన్నారు. నేను ఫైలు పట్టుకుని బిల్లింగు దగ్గర ఆగాను. అత్త గోడ పట్టుకుంటూ కాంటీనుకి వెళ్ళింది.

నేను చేరేసరికి సంభాషణ నడుస్తోంది.

"క్యాష్ లేదమ్మా" అంటున్నాడు కౌంటరు కుర్రాడు.

"నువ్వెందుకివ్వడం నాయనా, నేనేగా ఇచ్చేది" అంటోంది అత్త, నోటు చాపి.

"అది కాదు పెద్దమ్మా, మా దగ్గర క్యాష్ లేదు."

"అయ్యో, పొద్దుట్నించీ బేరాల్లేవా?" అని అత్త నిజంగానే జాలిపడింది.

కుర్రాడు ఇక ఇంగ్లీషులోకి దిగాడు. "స్కానర్ ఓన్లీ."

"స్కానింగు అయిపోయింది బాబూ. ఇందాకే పైన తీశారు."

వెనక లైన్లో ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. సరే, మేనల్లుడన్నాక ఆమాత్రం ఆదుకోకపోతే ఎలా అని, సినిమాలో హీరో కత్తి తీసినట్టు ఫోను తీశాను. స్కాన్ చేశాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పక్కవాడిదీ తిరుగుతోంది. వాడి వెనకవాడిదీ తిరుగుతోంది. ఆ రోజు ఆ వేళకి దేశమంతటా యూపీఐ మొరాయించిందని తర్వాత తెలిసింది. ఆ ఏడాది మార్చి 26న ఒకసారి, ఏప్రిల్ 2న మరోసారి పడుకుంది. ఇది మూడో నిద్ర. మాకప్పుడు అవేం తెలియవు. పన్నెండు మందిమి ఫోన్లు కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, వానదేవుణ్ణి పిలుస్తున్నవాళ్ళలా నిలబడ్డాం.

ఆ గదిలో ఆ నిమిషాన డబ్బున్న మనిషి మా అత్త ఒక్కతే. మిగతావాళ్ళందరి ఖాతాల్లో లక్షలుండవచ్చు, తెరిచే తాళం మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆమె బొడ్డు సంచీలో నోట్లున్నాయి. చుక్కల వల్ల కళ్ళు మసకలు కమ్మి ఉన్నాయి, అయినా నోటు అంచు మీద బొటనవేలు రాసి "ఇది అయిదొందలే" అంది. ఎలా తెలిసిందంటే, అంచున ఉబ్బెత్తు గీతలు అయిదుంటాయట. వంద నోటుకైతే నాలుగు. చూపు లేనివాళ్ళ కోసం రిజర్వు బ్యాంకు చేసిన ఏర్పాటది. యాభై ఏళ్ళుగా చదువుకున్నవాణ్ణి, నా నోటు అంచున గీతలున్నాయని నాకా రోజే తెలిసింది. గుడ్డివాడు కూడా గుర్తుపట్టేలా నోటు చేశారు. కళ్ళున్న కుర్రాడు గుర్తుపట్టనంటున్నాడు.

"బాబూ, ఇది తీసుకో, చిల్లర తర్వాత ఇద్దువు గాని" అన్నాను.

"తీసుకుంటే ఎక్కడ ఎక్కించను సార్? సిస్టమ్‌లో క్యాష్ బటన్ తీసేశారు" అన్నాడు. అబద్ధం కాదు, స్క్రీను తిప్పి చూపించాడు. తీసేసినాయన ఎవరో వాడికీ తెలియదు. ఆ బటన్ తీసివేయబడింది. కర్త మళ్ళీ దొరకలేదు.

ఇడ్లీలు పొగలు కక్కుతున్నాయి. ఆకలుంది, డబ్బుంది, అమ్మేవాడున్నాడు. ఈ మూడూ ఉన్నచోట అంగడి పుడుతుందని అర్థశాస్త్రం చెబుతుంది. మా కాంటీన్లో పుట్టలేదు.

ఇక్కడ కాసేపు మా అత్తని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ నోటు సంగతి చూద్దాం. దాని మీద రిజర్వు బ్యాంకు గవర్నరు గారి మాట ఉంటుంది. ఇది పట్టుకొచ్చినవారికి ఇంత సొమ్ము చెల్లిస్తానని సంతకం పెట్టి మరీ ఇచ్చిన మాట. అది హిందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. వెనకవైపు పదిహేను భాషల వరసలో కింది నుంచి రెండోది మనది. అందులో మొత్తం ఎంతో ఉంటుంది గాని మాట ఉండదు. 2003 నుంచి 2013 దాకా వరసగా పదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నది మనవాళ్ళే. మొదట వై.వి.రెడ్డి గారు, ఆ తర్వాత దువ్వూరి సుబ్బారావు గారు. పదేళ్ళూ తెలుగువాళ్ళే మాటిచ్చారు, తెలుగులో మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మేలయిందేమో. ఇచ్చి ఉంటే మా అత్త చదివి, కుర్రాడికి వినిపించేది. పాపం వాడేం చేస్తాడు?

1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 26వ సెక్షను ప్రకారం ఈ నోటు భారతదేశంలో ఏ చోటనైనా చెల్లుతుంది. కేంద్ర ప్రభుత్వం పూచీ. "ఏ చోటనైనా" అన్నప్పుడు ఎయిర్ కండిషన్డ్ కాంటీన్లు మినహా అని చట్టం రాసినవాళ్ళు అనుకోలేదు. మా వకీలు మిత్రుణ్ణి అడిగితే గొంతు సవరించుకుని, "చెల్లడం వేరు, పుచ్చుకోవడం వేరు" అన్నాడు. బాకీ తీర్చడానికి నోటిస్తే అది చెల్లింపేనట. కానీ బేరం కుదరకముందే "నాకు ఫలానా రకంగా కడితేనే అమ్ముతా" అని కొట్టువాడంటే, కాదనడానికి గట్టి సెక్షను లేదట. అంటే ముందు టోకెను కొనే దర్శిని హోటల్లో మా అత్త నోటుకు విలువ లేదు. ముందు తిని, తర్వాత బిల్లు కట్టే ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కట్టు నోట్లో పడ్డ క్షణం నుంచీ అది బాకీ, ఆ నోటు రాజపత్రం. చట్టం అర్థమవాలంటే ముందు నమలాలన్నమాట.

ఇటువైపు సెక్షను లేదు గాని అటువైపు ఉంది. ఏడాది వ్యాపారం 50 కోట్లు దాటినవాడు ఎలక్ట్రానిక్ చెల్లింపులకు వీలు కల్పించి తీరాలి, లేకపోతే రోజుకు 5,000 రూపాయల జరిమానా అని ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు. ఫోను పట్టుకొచ్చినవాణ్ణి గెంటితే జరిమానా. గవర్నరు సంతకం పట్టుకొచ్చినదాన్ని గెంటితే "దయచేసి సహకరించగలరు".

కొట్టువాణ్ణి అని ఏం లాభం, పూచీ పడ్డ సర్కారే ముందు వరసలో ఉంది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ లేనివాడు రెట్టింపు కట్టాలన్నారు. 2025 నవంబరు 15 నుంచి దాన్ని కొంచెం సవరించారు. ట్యాగు లేకపోయినా యూపీఐతో కడితే ఒకటింపావు వంతు, నోట్లతో కడితే యథాప్రకారం రెండింతలు. అంటే నూరు రూపాయల దారి నోటుకు రెండు వందలు, ఫోనుకు నూట పాతిక. తాను అచ్చేయించి, తాను పూచీ పడ్డ నోటును తన రోడ్డు మీద తానే సగం ధరకు లెక్కగట్టింది కేంద్రం. పూర్వం దొంగనోటు మారిస్తే సగానికి తీసుకునేవారని విన్నాను. మంచినోటుకు ఆ ధర పలకడం ఇదే మొదలు.

ఇంతకీ నగదంటే అంత రోత ఎందుకు పుట్టింది? నల్లధనం అన్నారు. 2016 నవంబరు 8 రాత్రి ఎనిమిదింటికి పెద్ద నోట్లు పోయాయి. చలామణీలో ఉన్న విలువలో 86 శాతం ఒక్క దెబ్బకు చిత్తుకాగితం. బ్యాంకుల ముందు లైన్లలో నిలబడ్డవాళ్ళకు నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. చివరికి రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగొచ్చేశాయని రిజర్వు బ్యాంకే 2018లో లెక్క తేల్చింది. రాని ఆ 0.7 శాతంలో కొంత ఎక్కడుందో నాకు తెలుసు. తిరుమలలో. భక్తులు హుండీలో వేసిన రద్దయిన నోట్లు దాదాపు 50 కోట్ల రూపాయలు పోగుపడితే, మార్చి ఇవ్వమని దేవస్థానం ఢిల్లీకి అర్జీలు పెట్టుకుంది. కుబేరుడికి బాకీ ఉన్న దేవుడు, చేతిలో యాభై కోట్లుండి వడ్డీ కట్టలేని స్థితి. ఆయనకూ "క్యాష్ లేదు స్వామీ" అన్నారు.

మరి ఆ తర్వాత నగదు తగ్గిందా? నోట్ల రద్దు నాటికి చలామణీలో ఉన్నది దాదాపు 18 లక్షల కోట్లు. 2025 మార్చి నాటికి 36 లక్షల కోట్లు దాటింది. రెట్టింపు! అదే ఏడాది ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో 2,000 కోట్ల సంఖ్య దాటాయి. రెండూ నిజమే. కాఫీ కొట్లో నోటు కనపడదు, దేశంలో మాత్రం రెండింతలుంది. మరి ఎక్కడుంది?

మీకు తెలియదా? స్థలం కొనడానికి వెళ్ళండి. మొదటి ప్రశ్న తూర్పు ఫేసింగా అని కాదు, "వైట్ ఎంత, బ్లాక్ ఎంత" అని. రెండు లక్షలూ ఆపైన నగదు పుచ్చుకోకూడదని 2017 ఏప్రిల్ 1 నుంచి చట్టం ఉంది. చట్టాన్ని గౌరవించి చాలామంది ఆ సంఖ్య పైకి అనరు, వేళ్ళు చూపిస్తారు. ఎన్నికల ముందు రాత్రి మీ వీధిలో కవర్లు పంచే కార్యకర్త మెడలో క్యూఆర్ కోడ్ వేలాడటం చూశారా? తనిఖీల్లో దొరికే నగదే ప్రతిసారీ వందల కోట్లు. దొరకనిది దేశభక్తితో పంపిణీ అవుతుంది. ఇక ఏసీబీ వాళ్ళు ఈనాటికీ నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాసే పంపుతున్నారు. తీసుకున్న చేతులు చాకలిసోడా కలిపిన నీళ్ళలో ముంచితే గులాబీ రంగు. ఫోన్లో లంచం తీసుకుని దొరికినవాళ్ళూ లేకపోలేదు గాని, తోటి ఉద్యోగులు వాళ్ళను చూసి తల పట్టుకుంటారు, అనుభవం లేకపోతే అంతే అని.

కాబట్టి నగదును ఎవరూ కాదనడం లేదు. కాదంటున్నది చిన్న నగదును. సూట్‌కేసులో వచ్చిన నోటుకు పీట వేసి మంచినీళ్ళిస్తారు. బొడ్డు సంచీలోంచి వచ్చిన నోటుకు బోర్డు చూపిస్తారు. ఇడ్లీ కొనడానికి వచ్చిన అయిదొందలు నల్లధనం, ఫ్లాటు కొనడానికి వచ్చిన అరకోటి సర్దుబాటు.

ఈ విషయంలో మన ముఖ్యమంత్రులను మెచ్చుకోకపోతే పాపం. చంద్రబాబు గారు 2016 అక్టోబరులోనే పెద్ద నోట్లు రద్దు చెయ్యమని ఉత్తరం రాశారు. రద్దు తర్వాత డిజిటల్ చెల్లింపులపై కేంద్రం వేసిన ముఖ్యమంత్రుల సంఘానికి ఆయనే పెద్ద. బ్యాంకు నుంచి 50 వేలు, ఆపైన నగదు తీస్తే పన్ను వెయ్యాలని 2017 జనవరిలో ఆ సంఘం సిఫారసు చేసింది. 2018లో ఏటీఎంలు ఎండిపోతే, నోట్లేవని కేంద్రాన్ని నిలదీసిందీ ఆయనే. 2025 మే నెలలో కడప మహానాడులో అయిదొందల నోటు కూడా పోవాలన్నారు. అన్నాక మళ్ళీ పింఛను రోజు వచ్చింది, ఊరికి వెళ్ళి, ముసలివాళ్ళ ఇంట్లో కూర్చుని, పింఛను నోట్లు స్వహస్తాలతో ఇచ్చారు. తప్పు పట్టడం లేదు. మా అత్తకు డబ్బు అందాలంటే నోటే దారి అని ఆయనకూ తెలుసు. ఆ నోటు మళ్ళీ ఇంకొకరికి అందే దారి సంగతే సంఘం నివేదికలో రాయడం మరచినట్టున్నారు.

జగన్‌మోహన్‌రెడ్డి గారిది మరో బాట. 2019 అక్టోబరు నుంచి మద్యం దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. దేశంలో తోపుడుబండి మీద కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతున్న రోజుల్లో, ఆ సర్కారు కొట్లలో ఏళ్ళ తరబడి నగదుదే రాజ్యం. అక్కడ ఐటీ ఉద్యోగి ఫోను చూపిస్తే "నోట్లుంటేనే సీసా" అన్నారు. నగదు పట్ల అంత నిష్ఠ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి కూడా ఉండదు. నగదు చెల్లని కాంటీనుకు, నగదు తప్ప చెల్లని బ్రాందీ కొట్టుకు మధ్య తేడా ఏమిటంటే, రెండో దాన్లో ఎందుకలా అని అసెంబ్లీలో అడిగారు.

తెలంగాణ కూడా ఏం తక్కువ తినలేదు. సిద్దిపేట దగ్గర ఇబ్రహీంపూర్‌ను 2016 డిసెంబరులో నగదు రహిత గ్రామంగా ప్రకటించారు. కిరాణా కొట్లో స్వైపింగ్ మిషను, టీ కొట్లో స్వైపింగ్ మిషను, ఫొటోలు, చప్పట్లు. కొన్నాళ్ళకు మిషన్ల మీద నెలనెలా కోతలు పడ్డాయి. బీడీకట్ట అమ్మి రూపాయి మిగుల్చుకునేవాడు మిషనుకు అద్దె కట్టడమేంటని లెక్కేసుకుని, వాటిని వెనక్కిచ్చేసి, గల్లాపెట్టె దుమ్ము దులుపుకున్నాడు. ఊరు మళ్ళీ నోట్లకొచ్చింది. ఆ రెండోసారి ప్రారంభోత్సవానికి మంత్రులెవరూ రాలేదు.

ఇప్పుడా బాధ లేదుగా, యూపీఐ ఉచితమేగా అంటారు. నిజమే, 2020 జనవరి నుంచి వ్యాపారి మీద చార్జీ సున్నా. అయితే సర్వర్లు గాలి పీల్చి బతకవు. చిన్న వ్యాపారుల యూపీఐ లావాదేవీలకు ప్రోత్సాహకంగా బ్యాంకులకూ కంపెనీలకూ ఇవ్వడానికి 2024-25కు దాదాపు 1,500 కోట్లు ఖజానా నుంచి కేటాయించారు. ఖజానా అంటే మా అత్త కొన్న పళ్ళపొడి మీదా టీవీ రీఛార్జి మీదా కట్టిన పన్ను. తాను అడుగుపెట్టలేని వంతెనకు తాపీ కూలి ఆమే ఇస్తోంది.

కొట్టువాళ్ళ బాధలూ విన్నాను, నిజమైనవే. నోట్లు లెక్కపెట్టాలి, దొంగనోటు చూసుకోవాలి, గల్లాలో కుర్రాడు చెయ్యి పెట్టకుండా కాపలా కాయాలి, రాత్రి డబ్బు మోసుకెళ్ళాలి, పొద్దున్నే బ్యాంకులో లైను కట్టాలి. చిల్లర అన్నిటికంటే పెద్ద శని. కాదనను. కానీ ఇదే చిల్లర లేదన్న వంకతో ఇరవై ఏళ్ళపాటు మన అరచేతిలో చాక్లెట్లు పెట్టినవాళ్ళు వీళ్ళు. మనం తిరిగి ఆ చాక్లెట్లిచ్చి సబ్బుబిళ్ళ అడిగితే నవ్వారు. ఆ రోజుల్లో రూపాయి బదులు చాక్లెట్ చెల్లేది, ఒకవైపుకే. ఇంకో సంగతి చూడండి. చిల్లర బాధ నిజంగా పడేది బండివాళ్ళు, కూరగాయల అమ్మలు, ఆటోవాళ్ళు. వాళ్ళెవరూ బోర్డు కట్టలేదు. నోటిస్తే నోటు, ఫోనిస్తే ఫోను. బోర్డు కట్టిందల్లా రెండొందల కాఫీ అమ్మేవాడు, కార్డు రీచార్జి చేస్తే గాని దోసె ఇవ్వని మాల్ ఫుడ్ కోర్టువాడు.

ఆ బండివాళ్ళకు ఫోను మీద పుట్టిన భక్తి కూడా కర్ణాటకలో ఒక్క నెలలో చెదిరింది. 2025 జూలైలో అక్కడి వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు తీసి, ఏడాదికి 40 లక్షలు దాటినట్టు కనపడ్డ చిల్లర వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షలు కట్టమని వచ్చింది. కూరగాయల మీద పన్నే లేదని తర్వాత అందరికీ గుర్తొచ్చింది. మర్నాటికల్లా బెంగుళూరు వీధుల్లో క్యూఆర్ స్టిక్కర్లు గోళ్ళతో గీకేసి, "నో యూపీఐ, క్యాష్ ఓన్లీ" అని అట్టముక్కలు వేలాడదీశారు. ఆ రోజుల్లో అక్కడ అద్దాల కొట్లో నోటు చెల్లలేదు, దాని ముందు బండి మీద ఫోను చెల్లలేదు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మన కుర్రాళ్ళు రెండు జేబుల్లో రెండూ పెట్టుకుని తిరిగారు, బస్సులో ఒకటి ప్రయాణానికి, ఒకటి జేబుదొంగకి అన్నట్టు.

అమెరికాలో అంతా కార్డులేనటగా అంటాడు మా అపార్టుమెంటు సెక్రటరీ. వాళ్ళబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, ఎడిసన్ పక్కన, మన తెలుగువాళ్ళు గుమిగూడిన చోటే. అదే న్యూజెర్సీలో 2019లో చట్టం చేశారు, కొట్టు తెరిచినవాడు నోటు కాదనడానికి వీల్లేదని. ఫిలడెల్ఫియాలో అదే ఏడు. న్యూయార్కు నగరంలో 2020 నుంచి. మాసచూసెట్స్‌లో అయితే 1978 నుంచే. కారణం వాళ్ళు దాపరికం లేకుండా చెప్పారు. బ్యాంకు ఖాతా లేనివాళ్ళు, పేదవాళ్ళు, ముసలివాళ్ళు కూడా ఆకలేస్తే తింటారు కాబట్టి అని. ఈ ముక్క చెబితే సెక్రటరీ గారు కాసేపు మౌనం వహించి, "ఈ నెల నుంచి మెయింటెనెన్సు ఆన్‌లైన్లోనే కట్టాలి, క్యాష్ తీసుకోబడదు" అని గుర్తుచేశారు.

ఇక మా అత్త సంగతి.

పన్నెండున్నర దాకా చక్రం తిరుగుతూనే ఉంది. కుర్రాడు మంచివాడే. చివరికి "నా జేబులోంచి పెడదామన్నా నా డబ్బులూ ఫోన్లోనే ఉన్నాయి పెద్దమ్మా" అన్నాడు. అత్త లేచింది. గేటు దాటి రోడ్డుకడ్డం పడితే వేపచెట్టు కింద ఇడ్లీ బండి. దాని ముందు కర్రకి క్యూఆర్ కోడ్ కట్టి ఉంది, మాటలాడే పెట్టెకి వాన తగలకుండా పాల కవరు తొడిగారు. బండామె మాకు చెరో ప్లేటు పెట్టింది, ఎవరి దగ్గర ఏముందని అడగలేదు. తిన్నాక అడిగింది, ఎనభై. అంటే బాకీయే. మా వకీలు మిత్రుడు ఉంటే మురిసిపోయేవాడు.

అత్త అయిదొందలిచ్చింది. బండామె డబ్బా వెతికింది, చాల్లేదు. కొడుకుని పక్క జిరాక్సు షాపుకి తోలింది, వాడు అక్కణ్ణించి పూలమ్మ దగ్గరికి, పూలమ్మ దగ్గర్నించి ఆటో స్టాండుకి పరిగెత్తాడు. అయిదు నిమిషాల్లో నాలుగు వందల ఇరవై తెచ్చి చేతిలో పోశారు. మూడు వందల నోట్లు, ఒక యాభై, ఒక ఇరవై, అయిదు పది రూపాయల బిళ్ళలు.

అత్త నోట్లు సంచీలో దోపి, బిళ్ళల్ని వేళ్ళతో తడిమింది. మొహం మారింది.

"బిళ్ళలొద్దమ్మాయ్. మా ఊళ్ళో చెల్లవు."

"ఇక్కడా చెల్లవు పెద్దమ్మా. అందుకేగా నీకిచ్చేది" అంది బండామె, నవ్వకుండా.

నేను రంగంలోకి దిగాను. పది రూపాయల బిళ్ళ చెల్లదన్నది పుకారని, 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటన ఇచ్చిందని, అనుమానముంటే 14440కి ఫోన్ చెయ్యొచ్చని ఇద్దరికీ కలిపి చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. ఇందాక కాంటీను కుర్రాడు నోటు వంక ఎలా చూశాడో, అచ్చం అలాగే నా వంక చూశారు.

"అయితే నువ్వే ఉంచుకోరా" అని అయిదు బిళ్ళలూ నా అరచేతిలో పోసింది అత్త. అంతలో నా ఫోను టింగుమంది. యూపీఐ లేచింది. నేను ఆనందం పట్టలేక బిళ్ళలు బండామెకి తిరిగివ్వబోతూ, ఆ యాభై నా ఫోన్లో వెయ్యమన్నాను. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు సార్, మళ్ళీ ఎవరికంటగట్టను?"

ఆసుపత్రి గేటు దగ్గర అత్త ఆగింది. కాసేపు ఆలోచించింది.

"పోనీలేరా. ఈసారి తిరప్తి వెళ్ళినప్పుడు హుండీలో వేద్దాం. ఆయన కాదనడు."